"మేడమ్, ఒక్కసారి వచ్చి చూసిపెడతారా?"

రిటైరైనవాళ్లకి పాత ఆఫీసు నుంచి ఫోనొస్తే ఏ సన్మానసభకో, పెన్షన్ కాగితాల పనికో అయివుంటుందనుకుంటాం కదండీ. మొన్న మా డైట్ నుంచి వచ్చిన ఫోన్‌లో మాత్రం, "మేడమ్, ఆన్‌లైన్ శిక్షణకి పాఠాలు తయారుచేస్తున్నాం, ఒక్కసారి వచ్చి చూసిపెడతారా?" అని అడిగారు. అడిగింది ఒకప్పుడు నా క్లాసులో ఛాత్రోపాధ్యాయురాలిగా కూర్చున్న అమ్మాయి. ఇప్పుడు అక్కడే లెక్చరర్. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి! సరేనమ్మా అని బస్సెక్కేశాను.

డైట్ అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ. 1986 జాతీయ విద్యావిధానం పుణ్యమా అని వచ్చినవివి. బొమ్మూరు, అంగలూరు, బోయపాలెం, భీమునిపట్నం అని పేర్లు చెబితే చాలు, అక్కడ చదివిన పంతుళ్లూ పంతులమ్మలూ హాస్టల్ కబుర్లు మొదలుపెడతారు. కొత్తవాళ్లని టీచర్లుగా తయారుచేయడం ఈ సంస్థల పని. ఉద్యోగంలో ఉన్న టీచర్లకి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వడం కూడా వీటి పనే. ఈ రెండోది ఇప్పుడు చాలావరకు సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది.

దూరాన ఉన్న టీచర్లకి పాఠం అందించడం మనకి నిన్నమొన్నటి సంగతేం కాదండోయ్. 1975-76లో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రాథమిక పాఠశాలల టీచర్లకి సైన్సు ఎలా చెప్పాలో కూడా అందులో నేర్పారు. ఆ తర్వాత బ్రిటన్ సాయంతో ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టుపక్కల దొరికే వస్తువులే బోధనోపకరణాలు కావాలి, పిల్లలు గీసినవీ రాసినవీ గోడల మీద కనిపించాలి అని అది చెప్పింది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకచోట కూడి మాట్లాడుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టింది. 2017 సెప్టెంబర్ 5న 'దీక్ష' అనే ఆన్‌లైన్ వేదిక మొదలైంది. కరోనాతో బళ్లు మూతపడ్డాక, 2020 అక్టోబర్‌లో 'నిష్ఠ' అనే టీచర్ల శిక్షణ 18 మాడ్యూళ్లుగా అందులోకి ఎక్కింది. ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలైనా తన వృత్తి గురించి నేర్చుకోవాలని ఆ ఏడాది వచ్చిన కొత్త విద్యావిధానం చెప్పింది.

ఇక మా పాఠం దగ్గరికి వద్దాం. రెండో తరగతి తీసివేత. అమ్మాయి చక్కగా స్లైడులు తయారుచేసింది. నియమం, ఉదాహరణ, అభ్యాసం అన్నీ వరసగా ఉన్నాయి. "ఏమ్మా, 42లోంచి 17 తీసెయ్యమంటే పిల్లలు ఎక్కువగా ఏం రాస్తారు?" అని అడిగాను. "35 మేడమ్" అంది తడుముకోకుండా. "ఎందుకు?" "రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేస్తారు." "మరి దాంతోనే మొదలుపెట్టకూడదూ?" అన్నాను.

అంతే, పాఠం మళ్లీ తయారైంది. చీపురుపుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి నాలుగు కట్టలు కట్టాం. పక్కన రెండు విడి పుల్లలు. ఫోన్ కెమెరా ఆమె చేతుల మీదే ఉంది. ఏడు పుల్లలు ఇవ్వాలి, విడిగా ఉన్నవి రెండే. ఒక కట్ట రబ్బరు బ్యాండు తీసింది, పది పుల్లలూ బల్ల మీద పరుచుకున్నాయి. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు తీస్తే ఐదు. మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీస్తే రెండు. ఇరవై ఐదు! వీడియోని అక్కడే ఆపి టీచర్లకి ఒక ప్రశ్న వేశాం: "మీ తరగతిలో 35 అని రాసిన పిల్లవాడితో మీరు ఏం మాట్లాడతారు?"

సాయంత్రం లైవ్ క్లాసులో ఆ ప్రశ్నకి జవాబులు వచ్చాయి చూడండీ, నా మనసు నిండిపోయింది. ఒకాయన చింతగింజలతో చెబుతాడట. ఒకామె పది రూపాయల నోటు, చిల్లర పెట్టి అంగడి ఆట ఆడిస్తుందట. ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే ఒకమ్మాయి, "పాఠం గురించి ఇలా మాట్లాడుకోవడానికి మా బళ్లో ఇంకో టీచర్ లేరు మేడమ్" అంది. ఆలోచించండి. ఆ అమ్మాయి శిక్షణకని మండలానికి వెళ్తే ఆ రోజు బడి నడిపేవాళ్లే ఉండరు. ఆమెకి ఈ ఫోనే స్టాఫ్‌రూమ్. ఆన్‌లైన్ శిక్షణ వల్ల ఎవరికి మేలు అని అడిగేవాళ్లకి నేను చెప్పే మొదటి జవాబు ఆ అమ్మాయే.

అయితే ఒక మాట. వంటా వార్పూ అయ్యాక, రాత్రిపూట ఒంటరిగా వీడియో చూసి, పరీక్షలో 70 శాతం తెచ్చుకుని, సర్టిఫికెట్ దించుకుంటే శిక్షణ పూర్తయినట్టు లెక్క. తరగతి గదిలోకి అది చేరిందా లేదా అన్నది ఆ సర్టిఫికెట్ చెప్పదు. ఒక టీచర్ తన పిల్లల గురించి ఇంకో టీచర్‌తో మాట్లాడినప్పుడే శిక్షణ బడికి చేరుతుంది. అందుకే ప్రతి మాడ్యూలు తర్వాత, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో దాని మీద ఒక గంటైనా చర్చ పెట్టాలని నా గట్టి కోరిక.

ఆ చర్చ నడపడానికి మనుషులు కావాలి కదా? ఉన్నారండీ, మన చుట్టూనే ఉన్నారు. రిటైరైన టీచర్లు. యాప్ నడిపే పని కుర్ర టీచర్లు చూసుకుంటారు. పిల్లవాడి తప్పు వెనక ఏ ఆలోచన ఉందో పసిగట్టే నేర్పు మన దగ్గరుంది. ముప్పై ఏళ్లు పలక ముందు కూర్చుని సంపాదించినది అది. మీరు రిటైరైన టీచరైతే ఈ వారమే మీ పాత బడికో, కాంప్లెక్సుకో, డైట్‌కో ఒక ఫోన్ చేయండి. "ఏ పాఠం చెప్పడం కష్టంగా ఉందమ్మా?" అని అడగండి. మిగతా కబుర్లు వాళ్లే మొదలుపెడతారు.