నా డైలాగు పూర్తి కాలేదు!

అద్దం ముందు నిలబడి హీరోలా డైలాగులు చెప్పే అలవాటు మీలో ఎంతమందికి ఉందో చేతులెత్తండి చూద్దాం! సిగ్గుపడకండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ... నాకూ ఉండేది. ఆ అలవాటే నన్ను 1976లో మద్రాసు రైలెక్కించింది.

మాది నరసాపురం దగ్గర ఓ పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ మిషను కుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆవిడ పోపుల డబ్బాలో దాచుకున్న రెండు వందలూ నా జేబులోకి చేరాయి. ఇక చూస్కోండి! ఫోటోల ఆల్బం చంకన పెట్టుకుని కోడంబాకంలో నేనెక్కని కంపెనీ మెట్టు లేదు. పాండీబజార్లో టీలు తాగి తాగి కడుపు మండింది గానీ ఛాన్సు మాత్రం రాలేదు. దొరికినవల్లా గుంపులో నిలబడే వేషాలే. పెళ్ళి సీన్లో అక్షింతలు వేయడం, కోర్టు సీన్లో బెంచీ మీద కూర్చోవడం!

క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి గనక ప్రార్థన చేసేవాణ్ణి. ఏమని? ‘ప్రభువా, ఈ పిక్చర్లో వేషం ఇప్పించు’ అని. దేవుణ్ణి కూడా ఓ ప్రొడక్షన్ మేనేజరులాగే చూశానన్నమాట. పనుంటే నమస్కారం, లేకపోతే లేదు. వేషం తప్పిపోతే అలిగి నెలల తరబడి చర్చి ఛాయలకు వెళ్ళేవాణ్ణి కాదు.

1978లో ‘కరుణామయుడు’ వచ్చింది. దర్శకుడు ఎ. భీంసింగ్ ఆ చిత్రం విడుదల కాకముందే కన్నుమూశారు. క్రీస్తుగా విజయచందర్ నటన చూసి హాలంతా కళ్ళు తుడుచుకుంటుంటే నేనేం చేశానో తెలుసా? గడ్డం ఎలా అతికించారా, ఈ వేషం నాకెందుకు రాలేదా అని లెక్కలు కట్టాను!

ఆ మరుసటి ఏడు అమ్మకో ఉత్తరం రాశాను. ‘పెద్ద పిక్చర్లో హీరో స్నేహితుడి వేషం వేశానమ్మా’ అని. పచ్చి అబద్ధం. రెండు రోజులు జనంలో నిలబడ్డాను, అంతే. ఆ ముక్క కాస్తా ఎడిటింగులో ఎగిరిపోయింది. అమ్మ నుంచి వచ్చిన కార్డులో పిక్చరు ఊసే లేదు. ఆరోగ్యం జాగ్రత్త, నీకోసం ప్రార్థన చేస్తున్నాను... ఎప్పటి మాటలే.

రెండేళ్ళ తర్వాత మా వీధి మావయ్య ఒకాయన పనిమీద మద్రాసు వచ్చి అసలు సంగతి చెప్పాడు. అమ్మ ఇరుగుపొరుగు పదకొండుమందిని వెంటబెట్టుకుని, అందరికీ తన డబ్బుతోనే కుర్చీ టికెట్లు కొని ఆ సినిమాకు తీసుకెళ్ళిందట. ‘మావాడు ఇప్పుడొస్తాడు... ఇంటర్వెల్ తర్వాత వస్తాడు...’ అంటూ కూర్చుందట. శుభం కార్డు పడింది. నేను రాలేదు. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదట.

ఆ రాత్రే రైలెక్కాను. దారంతా ఒకటే రిహార్సలు. ‘అమ్మా, నేను అబద్ధాలకోరుని, నీ కొడుకునని చెప్పుకునే అర్హత నాకు లేదు...’ గుమ్మంలో నిలబడి మొదలెట్టాను. రెండు మాటలైనా కాకముందే అమ్మ, “కాళ్ళు కడుక్కోరా నాన్నా, అన్నం చల్లారిపోతోంది” అంది. అంతే! నా డైలాగు అక్కడే కట్!

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. అమ్మ చాప మీద మోకరించి మెల్లగా మాట్లాడుతోంది. ఏం అడుగుతోందా అని చెవులు రిక్కించాను. ఏమీ అడగడం లేదు! కుట్టాల్సిన జాకెట్ల సంగతి, కోడిపెట్ట సంగతి, నేను రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్న సంగతి... అన్నీ చెప్పుకుంటోంది. తర్వాత ఊరికే అలా కూర్చుంది.

“ఏమీ అడగలేదేమమ్మా?” అన్నాను.

“రాత్రి నువ్వు నా పక్కన కూర్చున్నావు కదా. నన్నేం అడిగావురా?” అంది.

ఆ పూట లూకా సువార్త 15వ అధ్యాయం తీశాను. తప్పిపోయిన కుమారుడి కథ చిన్నప్పట్నుంచీ విన్నదే. కానీ ఒక సంగతి అప్పుడే చూశాను. వాడూ దారంతా డైలాగు తయారుచేసుకుని వచ్చాడు. చివర్లో ‘నన్ను కూలివాడిగా పెట్టుకో’ అని చెబుదామనుకున్నాడు. ఆ ముక్క దాకా రానివ్వకుండానే తండ్రి మంచి బట్టలు తెమ్మని కేకేశాడు. నేను ఇన్నాళ్ళూ దేవుడి దగ్గర వేషం కోసం నిలబడ్డాను. ఆయన నాకోసం దారి చూస్తూ నిలబడ్డాడు.

మెరుపులు మెరవలేదు, ఆకాశవాణి పలకలేదు. ఒక పని మాత్రం చేశాను. ఆ పదకొండు ఇళ్ళకూ వెళ్ళి నిజం చెప్పేశాను. ఒకాయన చెడామడా తిట్టాడు. ఒక పిన్ని నవ్వి కాఫీ ఇచ్చింది. ఆ రాత్రి, చాలా ఏళ్ళ తర్వాత, హాయిగా నిద్రపట్టింది. సంతోషమంటే ఇదా అనుకున్నాను!

కొన్నాళ్ళకు మా చర్చి ముందు తెర కట్టి 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ మీద మళ్ళీ ‘కరుణామయుడు’ వేశారు. అమ్మ పక్కన ఇసుకలో కూర్చుని చూశాను. ఈసారి గడ్డం కనపడలేదు.

తర్వాత బడిపంతుల్నయ్యాను. రిటైరయ్యాను. అమ్మ ఇప్పుడు లేదు. తెల్లవారుజామున ఆ చాప మీద నేను కూర్చుంటున్నాను. మాటలు రాని రోజులూ ఉన్నాయి, అనుమానాలు వచ్చిన రోజులూ ఉన్నాయి. అయినా కూర్చుంటాను.

ప్రతి డిసెంబరులో పిల్లలతో క్రిస్మస్ నాటిక వేయిస్తాను. మరియమ్మ వేషానికీ, దేవదూత వేషానికీ ఒకటే పోటీ! ఎవడో ఒకడు వేషం దొరక్క మూల కూర్చుని ఏడుస్తాడు. అందరికంటే ముందు నేను వెళ్ళి వాడి పక్కన కూర్చుంటాను. ఏమీ చెప్పను. ఊరికే కూర్చుంటాను. నేను పుట్టింది ఈ పనికేనేమో అనిపిస్తుంది.

సినిమాలు చూడండి, ఈలలు వేయండి, ఛాన్సుల కోసం తిరగండి. నేనొద్దనను. ఛాన్సు రాని రోజున ఇంటికెళ్ళడానికి మాత్రం డైలాగు తయారుచేసుకోకండి. అక్కడ అది ఎవరికీ అక్కర్లేదు!