అరిగిన బుష్షు

ఛందస్సు చెప్పుకొని బ్రతికే మాకు లేతుమిషనుతో పని పడుతుందని కలలోనైనా అనుకోలేదు.

విజ్ఞాన ప్రదర్శన కోసం మా విద్యార్థులు రేడియో తరంగాలతో నడిచే చిన్న పడవను తయారుచేశారు. ఇటువంటి దానిని నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కులో నడిపి చూపాడు. మావాళ్ళ పడవ జమ్మలమడుగు దాటి మైలవరం జలాశయంలో రెండు ఆదివారాలు చక్కగా తిరిగింది. మూడవ ఆదివారం గరగరమని, నీళ్ళు త్రాగి, మోటారు మాడి ఆగిపోయింది. ప్రదర్శనకు నాలుగు రోజులే గడువు. నడుపుతున్న కుర్రవాడిని మేము అందరి ఎదుటా గట్టిగా మందలించాము. అతడు పులివెందుల వైపు చీనీతోటల రైతుబిడ్డ. "నేనేం చేయలేదు సార్. బుష్షు పోయినట్టుంది. మా బోరుమోటారు గూడా ఇట్లే అరుస్తుంది" అన్నాడు. మేము దానిని సాకు అనుకున్నాము.

మోటారు బాగుచేయిద్దామని మరునాడు ప్రొద్దుటూరులో పంపుసెట్లు మరమ్మతుచేసే మేస్త్రీ వద్దకు వెళ్ళాము. ఆయన మోటారు వంక చూడనైనా లేదు. కప్లింగు విప్పి, ప్రొపెల్లరును వ్రేళ్ళతో పట్టి అటూ ఇటూ ఊపాడు. టకటకమన్నది. "ఎట్లా ఆడుతుందో చూడండి సార్! కొత్త మోటారు వేసినా మళ్ళీ రెండు ఆదివారాలే" అన్నాడు.

షాఫ్టు ఒక గొట్టంలోనుండి పడవ వెలుపలికి పోతుంది. గొట్టానికి రెండు కొసలా ఇత్తడి బుష్షులు. లోపల నింపిన గ్రీజే రాపిడిని తగ్గిస్తుంది, నీటికీ అడ్డుపడుతుంది. మావాళ్ళు గ్రీజు పెట్టలేదు. ఖర్చు తగ్గించమన్నది మేమేనన్న సంగతి ఇక్కడ దాచరాదు. పైగా మోటారు షాఫ్టుకు సూటిగా లేక కొంచెం ఒరిగి ఉన్నది. ఒడ్డు ఇసుక చేరి, గుండ్రని రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారమైంది. షాఫ్టు అదిరి, బిగుసుకొని, మోటారు కరెంటు అధికంగా లాగి మాడింది. షాఫ్టుమీద గోరు ఆనించి చూడమన్నాడు. గాడి తగిలింది. ఆ గాడి ఉండగా బుష్షు ఒక్కటే మారిస్తే కొత్తదానినీ అది తినివేస్తుందట. కొత్త షాఫ్టు కోసి, దానికి సరిగ్గా రెండు గన్‌మెటల్ బుష్షులు తిప్పి ఇచ్చాడు.

1854లో ఇంగ్లండులో జాన్ పెన్ అనే ఇంజనీరు ఓడల షాఫ్టులకు లిగ్నమ్ వైటీ అనే గట్టికొయ్య బుష్షులు వేయించాడు. ఆ కొయ్యకు నీరే నూనె. ఆయన పెన్, మాది పెన్న! తెలుగు పంతుళ్ళకు ఇటువంటి శబ్దసామ్యాలు కనబడక మానవు.

మంగళవారం అదే తరగతిలో, అందరి ఎదుటా, తప్పు అతనిది కాదనీ మాదేననీ చెప్పాము. కుర్రవాడు మా ముఖం వంక చూడలేదు. పడవను త్రిప్పి, షాఫ్టును ఊపి చూచి, "గ్రీజు తెచ్చినారా సార్?" అన్నాడు.