సంతకాల వెనక

ఒహాయోలో నేనుండే ఊళ్లో అమెరికన్ ఫుట్‌బాల్ కార్డుల కొట్టుకి వెళ్తే "మీ అబ్బాయికా?" అని అడుగుతారు. కాదు, నాకే. స్టిక్కర్ మీద సంతకం పెట్టించి అతికించినవి నాకు నచ్చవు. ఆటగాడి చెయ్యి కార్డుకే తగలాలి. టామ్ బ్రేడీ సంతకంతో 2000లో వచ్చిన కార్డొకటి 2021లో 31 లక్షల డాలర్లు పలికింది.

మరి ఆ తలల మాటేమిటి? బోస్టన్‌లో డాక్టర్ ఆన్ మెకీ బృందం 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షించి, 110 మందిలో సీటీఈ ఉందని 2017లో ప్రకటించింది. తలకి పదేపదే తగిలే దెబ్బలవల్ల వచ్చే జబ్బది. అవి కుటుంబాలు దానమిచ్చిన మెదళ్లు. అనుమానం ఉన్నవాళ్లే ఎక్కువగా ఇచ్చి ఉంటారు, నిజమే. అయినా ఆ దానపత్రాల మీద భార్యల సంతకాలూ ఉన్నాయి కదా! వాటికే కొట్లోనూ ధర లేదు.

నా జీతంలోంచి ఇప్పటికీ కొంటున్నాను. పోయిన నెల కొన్న పాత ఆటగాడి కార్డు మీద చివరి అక్షరాలు వణికాయి. వయసువల్లో, దెబ్బలవల్లో.