కాలే కొండల్లో కాలిబాటలు

చైత్రమాసం రాత్రుళ్ళు బంధుగాంలో నిలబడి చుట్టూ చూస్తే కొండల మీద నిప్పు గీతలు కనపడతాయి. ఒక కొండకి వడ్డాణం పెట్టినట్టు, ఇంకో కొండకి వంకరటింకర దండ వేసినట్టు ఎర్రగా వెలుగుతుంటాయి. పగలు చూస్తే అదే చోట పొగ. సెలవులకి ఊరొచ్చిన మన బస్తీ పిల్లలందరూ అడిగేది ఒకటే: "తాతా, ఇది అగ్నిపర్వతమా? ఎక్కొచ్చా?" ఫోనులో జపాను, ఇటలీ నిప్పుకొండల మీద జనం కర్రలు పట్టుకొని నడవడం చూసినారు కదా, అందుకని అడుగుతారు. మన పత్రిక చదివే ఇళ్ళల్లో ఈ వైపు చుట్టాలున్నవాళ్ళు చాలామంది. కనక నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు, కాదు. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో అగ్నిపర్వతం లేదు. మన దేశం మొత్తం మీద మండుతున్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలో ఉంది. పేరు బారెన్ దీవి. పోర్టు బ్లెయిరుకి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 350 మీటర్లు. 1787లో మండినట్టు తెల్లవాళ్ళు రాసిపెట్టినారు. తరవాత చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. దాని మీద మనుషులు లేరు, బాటలూ లేవు. దిగనివ్వరు. పడవలో ఉండి దూరం నుంచి చూడాల్సిందే.

అయితే ఒక తమాషా ఉంది. షోలాపురం, భివండి, ముంబై బస్తీల్లో పునాది తవ్వితే నల్ల రాయి తగులుతాది కదా, అదంతా ఒకప్పటి లావాయే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట నేల పగిలి పారి చల్లారిన రాయి. దాని చివరి పొరలు మన రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి దాకా ఉన్నాయి. అంటే నిప్పు రాయి మీద కాపురం చేస్తున్నది మిల్లు బస్తీ వాళ్ళు. కాలుతున్నట్టు కనపడే బంధుగాం కొండల రాయి వేరే. అది భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి, వంద కోట్ల ఏళ్ళ నాటిది. దాన్ని ఖోండలైటు అంటారు. ఈ కొండల్లో ఉండే కోదుల పేరు మీదనే, 'ఖోండ్' అనే మాట నుంచే, ఆ పేరు పెట్టినారు. ప్రపంచంలో ఎక్కడ ఆ రాయి దొరికినా మన కోదుల పేరుతోనే పిలవాలి. ఈ సంగతి మన పిల్లలకి చెప్పండి.

మరి ఆ మంట ఏమిటి? అది పోడు. మాఘ, ఫాల్గుణాల్లో కొండవాలు మీద తుప్పలూ కొమ్మలూ నరికి ఎండబెడతారు. వానలకి ముందు కాలుస్తారు. ఆ బూడిదే ఎరువు. తొలకరి పడగానే చోళ్ళు, సామలు, కందులు కలిపి చల్లుతారు. రెండు మూడు పంటలయ్యాక ఆ చోటు వదిలేసి ఇంకో చోటుకి పోతారు. ఇప్పుడు పోడు తగ్గి జీడిమామిడి తోటలు పెరిగినాయి గానీ, మంటలు ఇంకా ఉన్నాయి.

ఇక బాటల సంగతి. ఇక్కడి కాలిబాట షికారు కోసం వేసింది కాదు. ఉప్పు కోసం, ఎండు చేపల కోసం, బట్ట కోసం సంతకి దిగిన కాళ్ళు వేసినవి. పసుపు, చింతపండు, కొండ చీపుళ్ళు, అడ్డాకులు కావడిలో పెట్టుకొని దిగుతారు, ఉప్పూ నూనే పట్టుకొని ఎక్కుతారు. మా నాన్న పార్వతీపురంలో చీరలు, పంచెలు మూట కట్టి ఈ సంతలకి తెచ్చి అమ్మేవాడు. చిన్నప్పుడు నేను వెనకాల చిన్న మూటతో నడిచేవాడిని. తరవాత నేను అదే బట్ట నేసే మిల్లుకి పోయాను. మూట బరువు ఉన్నవాడు వేసిన బాట ఎలా ఉంటాదంటే, నిట్టనిలువుగా ఎక్కదు. వాలు చూసుకొని చుట్టి పోతాది. నీళ్ళ ఊట ఉన్నచోట ఒక రాయి, నీడ ఉన్నచోట ఒక చింతచెట్టు, దింపుకోడానికి ఒక గట్టు ఉంటాయి. బాట ఎందుకు తిరిగిందో అర్థం కాకపోతే బరువు మోసేవాడిలా ఆలోచిస్తే తెలిసిపోతాది.

నిప్పుకొండ మీద నడిచే దేశాల్లో కొన్ని పద్ధతులున్నాయి. జపానులో ఒంటాకే అని ఒక కొండ. 2014 సెప్టెంబరు 27, శనివారం, మధ్యాహ్నం కావస్తుండగా ఉన్నట్టుండి పేలింది. ఆ రోజు హెచ్చరిక అన్నిటికంటే కింది మెట్టులోనే ఉంది. సెలవు రోజు అని కొండెక్కినవాళ్ళలో 63 మంది చనిపోవడమో కనపడకుండా పోవడమో జరిగింది. అదే దేశంలో అసో అనే కొండ ఉంది. దాని నోటి దగ్గర గంధకం గాలి ఎక్కువైతే దారి మూసేస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళని మామూలు రోజుల్లో కూడా అక్కడికి రావద్దంటారు. ఇది చదివి నాకు అనిపించింది, మన పోడు కొండలకీ ఇవే పద్ధతులు సరిపోతాయి అని.

మొదటిది, అడగడం. చైత్రంలో ఏ కొండ ఎక్కాలన్నా ముందు కింద ఊరిలో అడగాలి, రేపు ఏ వాలు కాలుస్తారని. "అన్నా, ఈ పక్క బాట పోవచ్చా?" అంటే చేత్తో చూపించి చెప్తారు. వద్దంటే వద్దే. వాళ్ళ మాటే అక్కడ హెచ్చరిక బోర్డు.

రెండోది, మంట కంటే పైన ఉండకూడదు. నిప్పు కొండ ఎగువకి పరుగెత్తుతాది, దిగువకి నడుస్తాది. ఎండ ఎక్కేకొద్దీ గాలి కూడా లోయలోంచి పైకి కొడతాది. మంట కనపడితే పక్కకి జరగాలి. పచ్చిగా, తడిగా ఉన్న గెడ్డ పక్కకి గానీ, ముందే కాలి చల్లారిన నేల మీదకి గానీ పోవాలి. గడ్డి ఎండిన వాలు మీద పైకి పరుగెత్తకూడదు.

మూడోది మన మిల్లు వాళ్ళకే ప్రత్యేకం. బ్లోరూములో, కార్డింగులో చేసినవాళ్ళకి తెలుసు, ఆదివారం సెలవు అయ్యాక సోమవారం డ్యూటీ ఎక్కితే ఛాతీ బిగుసుకుపోయేది. డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అంటారు, దూది ధూళి జబ్బు. ఏళ్ళ తరబడి ఆ ధూళి పీల్చిన ఊపిరితిత్తులు పని మానేసినా పూర్తిగా పాత స్థితికి రావు. నాకు అరవై దాటాయి. చదును నేల మీద బాగానే నడుస్తాను. కొండెక్కితే తెలుస్తాది, ఊపిరి ఎంత మిగిలిందో. పోడు పొగ అలాంటి ఛాతీకి మంచిది కాదు. అసో కొండ దగ్గర ఉబ్బసం వాళ్ళని ఎందుకు ఆపుతారో, మనం చైత్రంలో ఇక్కడ కొండెక్కకూడని కారణమూ అదే. పిల్లలు ముచ్చటపడితే కింద నుంచే చూపించండి.

మనకి మంచి కాలం కార్తీకం నుంచి పుష్యం దాకా. వానలు వెలిసి గాలి కడిగినట్టు ఉంటాది. తెల్లవారి మంచు, చలి ఉంటాయి గనక దుప్పటి కావాలి. ఇది మలేరియా ప్రాంతం, దోమతెర మరచిపోవద్దు. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ నడక సరైనది. మాట తెగిపోతుంటే ఆగాలి. నేను వంద అడుగులు వేసి నిలబడతాను. నా పక్కనుంచి కావడితో కోదు ఆడది దాటిపోతే సిగ్గుపడను. ఆమె ఊపిరి మిల్లుకి ఇవ్వలేదు.

రావడం ఇలాగ. షోలాపురం నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరంలో దిగాలి. అక్కడ రాయగడ వైపు బండి పట్టుకొని పార్వతీపురంలో దిగాలి. అక్కడి నుంచి బంధుగాంకి రోడ్డు. నారాయణపట్నం వైపు కొండల నీళ్ళే ఝంఝావతి ఏరుగా పార్వతీపురం వైపు దిగి నాగావళిలో కలుస్తాయి. ఇంకా పెద్ద కొండ చూడాలంటే సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి మీదుగా సెమిలిగుడ వైపు పోవాలి. అక్కడ దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశా మొత్తానికి ఎత్తైన కొండ. పైన అంతా గడ్డి, గాలి. పైదాకా బండి పోయే రోడ్డు కూడా ఉంది కనక మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కూడా చూడొచ్చు.

బంధుగాం పక్క ఊళ్ళకి కూడా రోడ్లు పడుతున్నాయి. మంచిదే, పురిటినొప్పుల మనిషిని మంచం మీద మోసుకురావడం తప్పుతాది. కానీ రోడ్డు పడిన చోట పాత బాట రెండు వానలకి తుప్పలు కమ్మేస్తాయి. నీళ్ళ ఊట ఎక్కడుందో తెలిసినవాళ్ళు కూడా తగ్గిపోతారు. అందుకని ఈసారి మీరొస్తే ఒక్క పూట ఆ బాట మీద నడవండి. ఊరిలో ఒక మనిషిని తోడు అడగండి, ఆయన పూట కూలి ఆయనకి ఇవ్వండి, ఇళ్ళల్లోకి ఫోను పెట్టి ఫొటోలు తీయకండి. మీ పిల్లల చేత ఊట నీళ్ళ రాయి ఎక్కడుందో గుర్తు పెట్టించండి.