గోడ మీది బొమ్మ... కోట్ల బొమ్మ!

మా ఊరి సినిమా హాలు ముందు ఆర్టిస్టు బాబాయి హోర్డింగు వేస్తుంటే, బడి ఎగ్గొట్టి మరీ చూసేవాణ్ణి. చిన్న స్టిల్లు మీద గళ్లు గీసి, అదే లెక్కన పెద్ద గుడ్డ మీదికి ఎక్కించేవాడు. హీరో కళ్లు దిద్దగానే మా ఈలలు!

ఎం.ఎఫ్. హుసేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నవారే. 1954లో ఆయన వేసిన ‘గ్రామయాత్ర’ 2025 మార్చిలో న్యూయార్కు క్రిస్టీస్ వేలంలో ఎంత పలికిందనుకున్నారు? 1 కోటి 37 లక్షల డాలర్లు! అంటే సుమారు 118 కోట్ల రూపాయలు. కానీ ఆ చిత్రకారుడు తన బొమ్మల మీద గొడవలు, కేసులు ముదిరి 2006లో దేశం విడిచారు. 2010లో ఖతార్ పౌరుడయ్యారు. 2011లో లండన్‌లో కన్నుమూశారు. బొమ్మకి కోట్లు దొరికాయి గానీ, మనిషికి సొంతగడ్డ దొరకలేదు.

మా బాబాయికి ఆ గొడవల్లేవు, ఆ కోట్లూ లేవు. కంప్యూటరూ, ఫ్లెక్సీ మిషనూ వచ్చాయి. కుంచెలు అటకెక్కాయి.

మొన్న ఊరెళ్లినప్పుడు అడిగాను, ‘‘ఒక్క బొమ్మయినా దాచుకోలేదేం బాబాయ్?’’ అని.

‘‘దాచుకుంటే పై శుక్రవారం సినిమాకి గుడ్డ ఎక్కణ్ణుంచి తెచ్చేదిరా? ఆ హీరో మీదే సున్నం కొట్టి, ఇంకో హీరోని వేసేవాణ్ణి’’ అన్నాడు.