దీమం కాకి

మా ఆఫీసులో ఒక మెయిన్‌ఫ్రేమ్ పెద్దాయన ఉన్నాడు. కోబాల్ తప్ప ఇంకో భాష రాదు, నేర్చుకోవాలనీ లేదు. చలికాలంలో శుక్రవారం వచ్చిందంటే మూడింటికల్లా సీట్లో కనపడడు. మొదట్లో చర్చి పనేమో అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, కాకులు సాయంత్రం ఏ దారిన గూటికి వెళుతున్నాయో చూసి రావడానికి వెళతాడట. శనివారం తెల్లారేసరికి ఆ దారిలో తుపాకీతో కూర్చోవాలిగా మరి!

కాకిని వేటాడటమేమిటండీ? జింకంటే తింటారు, బాతంటే తింటారు. కాకిని ఏం చేసుకుంటారు? అడిగితే, "మొక్కజొన్న మొలక రాగానే పీకి కింద గింజ తినేస్తాయి, మా నాన్న తిట్టుకుంటూ కాల్చేవాడు, నాకు అలా అలవాటైంది" అన్నాడు. ఆయన పుట్టింది పెన్సిల్వేనియాలో పొలాల మధ్య. నాకు కాకులతో వేరే లెక్క ఉంది. అది తర్వాత చెప్తాను.

ఇక్కడ కాకికి కూడా చట్టం ఉంది. వలస పక్షుల కోసం 1918లో చేసిన ఫెడరల్ చట్టం కిందికి 1972లో మెక్సికోతో ఒప్పందం మార్చుకున్నప్పుడు కాకి వచ్చింది. అప్పట్నుంచీ ఏ రాష్ట్రమైనా ఏడాదికి 124 రోజులు మించి కాకుల వేట పెట్టకూడదు, గుడ్లు పొదిగే రోజుల్లో అసలు కుదరదు. పెన్సిల్వేనియా వాళ్ళు ఆ 124 రోజుల్ని పొదుపుగా వాడుకుంటారు. శుక్ర, శని, ఆదివారాలు మాత్రమే. ఇక్కడ ఆదివారం వేట చాలాకాలం నిషేధం. 2020 నుంచి కొన్ని ఆదివారాలు సడలించి, 2025లో ఆ నిషేధాన్నే ఎత్తేశారు. కానీ నిషేధం ఉన్నన్నాళ్ళూ కూడా నక్కకీ, కయోటీకీ, కాకికీ మాత్రం ఆదివారం సెలవు లేదు. దేవుడి రోజున కూడా మినహాయింపు దొరకని పక్షి!

రెండేళ్ళ క్రితం జనవరిలో "చూస్తావా?" అన్నాడు, సరేనన్నాను. నేనింకా హెచ్1బీ మీదే ఉన్నాను. హెచ్1బీ వాడు వేట లైసెన్సు లాంటిదేమీ లేకుండా తుపాకీ పట్టుకుంటే ఫెడరల్ నేరం. కాబట్టి నా పని ప్లాస్టిక్ కాకుల సంచీ మొయ్యడం. ఎక్కడికెళ్ళినా కన్సల్టెంటు కన్సల్టెంటేనండి.

లాంకాస్టర్ వైపు శీతాకాలంలో వేల కాకులు రాత్రికి ఒకచోట చేరి, తెల్లవారగానే పొలాల మీదికి విడిపోతాయి. ఆ దారిలో, కోసేసిన మొక్కజొన్న చేను పక్కన, చెట్ల వరస కింద మాటు కట్టాడు. మాటంటే పెద్దగా ఏమీ లేదు, ఆకుల రంగు వల, నాలుగు కర్రలు. చేతులకి గ్లోవ్సు, మొహానికి ముసుగు. "చలికనుకునేవు, తెల్లటి మొహం పైకెత్తితే పావుమైలు నుంచే తిరిగిపోతాయి" అన్నాడు. నా మొహం తెలుపు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

తర్వాత బొమ్మలు. ఇంగ్లీషులో డికాయ్ అంటారు. మా తాతగారి ఊళ్ళో కౌజు పిట్టలు పట్టేవాళ్ళు పంజరంలో ఒక పెంపుడు పిట్టని పెట్టుకుని వచ్చేవాళ్ళు, దాన్ని దీమం అనేవారు. ఆ మాట ముప్పై ఏళ్ళ తర్వాత పెన్సిల్వేనియా చేలో గుర్తొచ్చింది. ఎత్తు కొమ్మ మీద ఒక కాకి, అది కాపలాది. కింద నేలమీద ఐదారు, తింటున్నట్టు. అన్నిటికన్నా ముఖ్యమైనది మధ్యలో గుంజ మీద గుడ్లగూబ బొమ్మ. కొమ్ముల గుడ్లగూబ. అది రాత్రిపూట నిద్రపోతున్న కాకుల్ని ఎత్తుకుపోతుంది. అందుకని పగలు దొరికిందంటే కాకులన్నీ చేరి దుమ్ము దులిపేస్తాయి. ఎలక్ట్రానిక్ పెట్టెలోంచి ఆ పోట్లాట రికార్డింగు వేస్తే, దూరాన పోతున్న కాకి కూడా నాకూ ఒక దెబ్బ మిగల్చండ్రా అని తిరిగి వస్తుంది.

ఇదంతా ఆయన గొప్పగా చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. పంచతంత్రంలో కాకులకీ గుడ్లగూబలకీ యుద్ధం మీద ఒక తంత్రమే ఉంది కదా. భారతంలో, యుద్ధం అయిపోయాక, మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ చంపుతుంటే చూసేగా అశ్వత్థామకి ఆ పాడు ఆలోచన వచ్చింది. పెద్దాయనకి అశ్వత్థామ కథ చెప్పాను. శ్రద్ధగా విని, "అతను సరిగ్గానే గమనించాడు" అన్నాడు. అంతే!

మొదట ఒక్క కాకి వచ్చింది. చాలా ఎత్తులో ఒక చుట్టు చుట్టింది. అది వెనక్కి పోయి చెప్పిందంటే ఆ రోజుకి ఇంటికి పోవచ్చు, నెలదాకా ఆ చేలో మళ్ళీ కూర్చోనక్కర్లేదు. అది కిందికి దిగాక కాల్చాడు. ఆ చప్పుడుకి నా గుండె ఆగింది. కాకి ఒక నల్లగుడ్డలా పడింది.

పక్కనే పడుకున్న నల్ల లాబ్రడార్ అప్పటిదాకా చెవి కూడా కదపలేదు. ఆయన పేరు పెట్టి పిలవగానే వెళ్ళి నోటితో తెచ్చింది. కాకిని అన్ని కుక్కలూ తేవట, ఇంతకు ముందున్నది వాసన చూసి మొహం తిప్పుకుని వచ్చేసేదిట. చావని కాకైతే ముక్కుతో కుక్క కన్ను పొడుస్తుంది కూడా. తినని పక్షిని అంత తొందరగా తెప్పించడం ఎందుకని అడిగాను. కాళ్ళు పైకి పెట్టి వెల్లకిలా పడున్న కాకిని చూస్తే మిగతావి దిగవన్నాడు. మా అమ్మమ్మ డాబా మీద మిరపకాయలు ఎండబెట్టినప్పుడు చచ్చిన కాకిని కర్రకి తలకిందులుగా కట్టించేది, అది దొరక్కపోతే నల్లగుడ్డ. కూర్చున్న కాకి రమ్మంటుంది, వేలాడే కాకి పొమ్మంటుంది. ఇద్దరిదీ ఒకటే చదువు.

మొత్తం తొమ్మిది పడ్డాయి. నాలుగోదాని తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను, ఆయన చెప్తే తెలిసింది. పడిన కాకి పైన మిగతావి తిరుగుతూ అరిచే అరుపు ఉంది చూడండి, అది పెట్టెలోంచి వచ్చే అరుపు కాదు.

ఇప్పుడు నా లెక్క. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. వీసా స్టాంపింగ్ గొడవలో ఇరుక్కుని మొదటి తద్దినం ఇక్కడే పెట్టాను, పంతులుగారు ఫోన్లో మంత్రం చెప్తుంటే. డెక్ మీద విస్తరాకు బదులు పేపర్ ప్లేటులో పిండం పెట్టి గంటన్నర నిలబడ్డాను. కాకి రాలేదు. ఉడత వచ్చి తిన్నది. పంతులుగారు, రాకపోతే ఆవుకి పెట్టమన్నారు. అపార్టుమెంట్లో ఆవు! అమ్మకి చెప్తే, "ఉడతైతేనేం, రాములవారికి సాయం చేసింది" అంది. అంది గానీ, ఫోన్ పెట్టేసే ముందు ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు.

ఆ వేట నుంచి వస్తూ కారులో ఈ మాట పెద్దాయనకి చెప్పాను. చనిపోయినవాళ్ళు కాకి రూపంలో వచ్చి తింటారని మా నమ్మకం అనేసరికి వెనక సీట్లోని సంచీ వైపు చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గర దింపుతూ అన్నాడు. "నీ తేదీ ఎప్పుడు? ఫిబ్రవరా? రేపట్నుంచి రోజూ ఒకే టైముకి ఉప్పులేని వేరుశనక్కాయలు పెట్టు. పెట్టి లోపలికి పో, అద్దం దగ్గర నిలబడకు. ఇక్కడి కాకులు తుపాకీ ఎరిగినవి, మనిషిని నమ్మవు." డిక్కీలోంచి ఒక ప్లాస్టిక్ కాకి తీసి చేతిలో పెట్టాడు.

సియాటిల్‌లో 2006లో జాన్ మార్జ్‌లఫ్ అనే ప్రొఫెసరు, ఒక మాస్కు పెట్టుకుని కాకుల్ని పట్టి వదిలితే, అవి ఆ మాస్కుని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుని తిట్టాయి. ఆ ఉదయం నా మొహానికి ముసుగు ఉన్నందుకు ఎంత సంతోషించానో చెప్పలేను.

కానీ బొమ్మని పెట్టి పితృదేవతల్ని పిలవొచ్చా? మాటు దగ్గర అది ఏం చేసిందో కళ్ళారా చూశాను. నా ఆవిడ, "వద్దు, అది చంపడానికి వాడినది" అంది. పంతులుగారిని అడిగితే శాస్త్రంలో ప్లాస్టిక్ ప్రస్తావన లేదన్నారు. అమ్మకి దాచకుండా అంతా చెప్పాను, వేటతో సహా. "నువ్వు కాల్చావా?" "లేదమ్మా." కాసేపాగి అంది, "మీ నాన్న ఎప్పుడైనా ఒక్కడూ కూర్చుని తిన్నాడట్రా? పోస్టుమేనునైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఉండనీ ఆ బొమ్మని, తోడుగా."

తద్దినం రోజు దాన్ని రైలింగు మీద పెట్టాను. పిండం, మినపగారె, కొంచెం పెరుగన్నం. లోపలికొచ్చి, పెద్దాయన చెప్పినట్టు అద్దానికి దూరంగా నిలబడ్డాను. ఇరవై నిమిషాలకి ఎదురు మేపుల్ చెట్టు మీద ఒకటి వాలింది. బొమ్మని చూసింది, ప్లేటుని చూసింది, మళ్ళీ బొమ్మని. ఇంకో రెండు వచ్చాయి. మొదటిది దిగి ముందు గారెని లాక్కుంది. నాన్నా అంతే, పప్పూ అన్నం తర్వాత.

సోమవారం పెద్దాయన కాఫీ మెషీన్ దగ్గర అడిగాడు, వచ్చాయా అని. మూడొచ్చాయన్నాను. "ఎంత దూరంలో?" పది గజాలుంటుందన్నాను. "మంచి రేంజ్..." అని నాలిక్కరుచుకున్నాడు. ఆ ప్లాస్టిక్ కాకిని ఇంతవరకూ తిరిగి అడగలేదు. నేనూ ఇవ్వలేదు.