ఎడమ ప్రక్క చీకటి

ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని, 2006వ సంవత్సరమున నేను విశాఖ మన్యములో నొక కొండయూరి పాఠశాలలో చేరితిని. ఆ ప్రాంతము 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. బండి దారి కొండ దిగువననే ముగిసెడిది. అటుపిమ్మట కాలినడకయో, మన్యమువారు సరకులు మోయించు పొట్టి గుఱ్ఱమో గతి. ఊరి తాత యొకడు తన గుఱ్ఱమును నా కిచ్చుట కొప్పుకొనెను. దాని యెడమ కన్ను పాలవలె తెల్లబడి యుండెను.

మొదటినాడు నేను ఎడమ ప్రక్కనుండి పోయి, పలుకరింపకయే జీనుమీద చేయి వైచితిని. అది బెదరి యెగిరెను. నేనును, పుస్తకముల మూటయు బురదలో పడితిమి. నేను కోపముతో బెత్తమెత్తగా తాత నా చేయి పట్టుకొని, “కొట్టకండి మాస్టారూ! దానికా పక్క చీకటి. ముందు మాట చెప్పి, ఆనక చెయ్యెయ్యండి” అనెను.

గుఱ్ఱము కన్నులు తల కిరుప్రక్కల నుండును. అందుచేత నుదుటి ముందరను, తోక వెనుకను కొద్ది చోటు దక్క చుట్టునున్న దంతయు దానికి కనబడును. ఒక కన్ను పోయినచో ఇంచుమించు సగము లోకము చీకటియగును. పరుగెత్తి ప్రాణము దక్కించుకొను జంతువునకు, కనబడని చేయి పులి పంజాతో సమానము.

క్రమముగా నేర్చుకొంటిని: దూరమునుండియే పేరుపెట్టి పిలువవలెను, మొదట మెడమీద చేయి యుంచి, ఆ చేయి తీయకయే జీను కడకు పోవలెను, ఎడమకు మరలునపుడు పగ్గమును చటుక్కున లాగక, అది తల త్రిప్పి కుడికంట దారి చూచుకొనువఱకు ఆగవలెను, వాగు కడ దిగి, మాటలాడుచు ప్రక్కన నడువవలెను. నెల దినములలో నా గొంతు వినినంతనే అది ఎడమ చెవిని నావైపు త్రిప్పసాగెను.

ఆ దినములలోనే మూడవ తరగతి చివరి వరుసలో నొక బాలిక నల్లబల్లమీది వ్రాతను తప్పులు లేక ఎక్కించుకొనెడిది కాదు. సోమరియని కసరితిని, రెండు మారులు చెవి మెలిపెట్టితిని. ఒక సాయంకాలము కొండ దిగుచు, నా మాటకు మరలిన గుఱ్ఱపు చెవిని చూచుచుండగా తట్టినది: ఆ బిడ్డ నేను పైకి చదివిన మాటలను మాత్రము తప్పక వ్రాయుచుండెను, మౌనముగా వ్రాసినవే తప్పిపోవుచుండెను. మఱునాడు పరీక్షించితిని. బల్లకు రెండడుగుల దూరమున నిలిచిననే గాని ఆమె చదువలేకపోయెను. పాడేరు తీసికొనిపోయి కండ్లద్దములు పెట్టించితిమి.

గుఱ్ఱము నన్ను నెల దినములలో నమ్మెను. ఆ బాలికయో, అద్దములు వచ్చిన పిమ్మటను, నేను ప్రక్కకు పోయినపుడెల్ల సంవత్సరాంతము వఱకు ఉలికిపడుచునే యుండెను.

విద్యార్థులారా, మీ బల్ల కడకు వచ్చుటకు ముందే నేను మీ పేరు పిలుచుట చూచి మీరు నవ్వుకొందురని యెఱుగుదును. దానికి కారణ మిదియే.